పేర్లు పడే వేళ: భయానక చిత్రాల ప్రస్తావన

మా ఊరి టాకీసుకు నడిచి వెళ్లే రోజుల్లో పెద్దవాళ్లు ఒక లెక్క పాటించేవారు. పేర్లు పడుతుండగా లోపలికి చేరితే ఆలస్యం కాదు. పేర్లు అయిపోయాక చేరితేనే ఆలస్యం. గేటు దగ్గర బజ్జీలవాడికి కూడా ఈ లెక్క తెలుసు. పేర్లు పడినంతసేపూ వాడి బేరం సాగేది. అన్నిటికంటే ముందు సెన్సారు వారి సర్టిఫికెట్టు పడేది. దానిమీద రీళ్ల సంఖ్య ఎక్కువగా కనబడితే నేలక్లాసులో ఈలలు మోగేవి. పెట్టిన డబ్బు గిట్టుబాటయిందన్నమాట. తర్వాత దేవుడి పటం, హారతి. ఆ తర్వాత పేర్లు. అవి ఎవరి పేర్లో, ఎందుకు వేస్తారో అడిగినవాడు లేడు.

సాహిత్య విద్యార్థులకు ఈ వ్యవహారం కొత్తది కాదు. మన ప్రబంధాలకు అవతారికలున్నాయి. అందులో ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కృతిపతి వంశవర్ణన ఉంటాయి. పాఠం చెప్పే పంతుళ్లలో చాలామంది అవతారికను దాటేసి కథలోకి దిగుతారు. పరీక్షలో ఎక్కువగా అడిగేది కథనే కాబట్టి నేనూ దాటేసిన సందర్భాలున్నాయి. సంస్కృత నాటకంలో నాంది, ప్రస్తావన ఉంటాయి. సూత్రధారుడు వచ్చి కవి పేరు, నాటకం పేరు చెబుతాడు. చూడటానికి ఇది వట్టి లాంఛనం. కాని శాకుంతలం ప్రస్తావనను గుర్తు చేసుకోండి. నటి గ్రీష్మ ఋతువు మీద పాట పాడుతుంది. ఆ పాటలో లీనమైన సూత్రధారుడు ఆడవలసిన నాటకమేదో మరిచిపోతాడు. నటి గుర్తు చేయాలి. దుష్యంతుడి మరపు మీద నడిచే నాటకానికి కాళిదాసు ఆ మరపును లాంఛనంలోనే పెట్టాడు. ప్రేక్షకుడికి కథ ఇంకా తెలియదు, కాని కథ తాలూకు గాలి అప్పుడే తగిలింది.

సినిమాలో ఈ పని అన్నిటికంటే నిష్ఠగా చేసినవి భయానక చిత్రాలు. ప్రేమకథకు, పోరాట కథకు పేర్లు ఎలా వేసినా నడుస్తుంది. భయం అలా కాదు. భయపెట్టే వస్తువు తెరమీదికి రావడానికి ముందే ప్రేక్షకుడు భయానికి సిద్ధపడి ఉండాలి. లేకపోతే దయ్యం వచ్చినా నవ్వే వస్తుంది. ఆ సిద్ధం చేసే పని పేర్లు పడే ఆ రెండు నిమిషాలది. ఆ రెండు నిమిషాల్లో పాత్ర లేదు, సంఘటన లేదు, సంభాషణ లేదు. ఉన్నవి అక్షరాలు, చప్పుడు, కదలిక. వస్తువే ప్రధానం, శిల్పం దానికి తొడుగు అని చాలాకాలం చెబుతూ వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వస్తువు అసలే లేని చోట భయం పుడుతుంటే ఆ మాటను ఎలా నిలబెట్టుకోవాలన్నది నన్ను వెంటాడిన ప్రశ్న.

ఈ ప్రశ్న పుట్టింది ఒక పాడైపోయిన క్యాసెట్టు వల్ల. ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టలు మిత్రుడొకడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' క్యాసెట్టు తెచ్చాడు. టేపు మొదటి భాగం నలిగి పనికిరాకుండా పోయింది. కాబట్టి నా సినిమా ఫీనిక్స్ నగరపు మేడల దగ్గర మొదలైంది. మారియన్ క్రేన్ అనే గుమస్తా అమ్మాయి ఒక స్థిరాస్తి వ్యాపారి ఆఫీసులో పని చేస్తుంది. ప్రియుడికి అప్పులు, విడిచిన భార్యకు కట్టవలసిన భరణం. అందుచేత పెళ్లి సాగదు. ఒక ధనవంతుడు కూతురి పెళ్లికి ఇల్లు కొంటూ నలభై వేల డాలర్ల నోట్లు బల్లమీద పరిచి చూపిస్తాడు. వాటిని బ్యాంకులో కట్టవలసిన మారియన్ తీసుకుని ఊరు దాటుతుంది. హత్య జరిగేది సినిమా దాదాపు ముప్పావు గంట నడిచాక. అంతవరకు నేను చూసింది ఒక దొంగతనం కథ. బాగానే ఉంది, కాని భయం లేదు.

చాలా ఏళ్ల తర్వాత అదే సినిమాను మొదటినుంచి చూశాను. సాల్ బాస్ రూపకల్పన చేసిన పేర్ల భాగం రెండు నిమిషాలు కూడా ఉండదు. నల్లని తెరమీద బూడిదరంగు గీతలు అడ్డంగా దూసుకొస్తాయి, తర్వాత నిలువుగా. వాటి వెంట ముక్కలైన అక్షరాలు వస్తాయి. క్షణంసేపు ముక్కలు అతుక్కుని పేరు అవుతుంది, మళ్లీ చీలిపోతుంది. బెర్నార్డ్ హెర్మన్ సంగీతంలో తీగ వాద్యాలు తప్ప మరొకటి లేదు. బాకాలు, డప్పులు, పిల్లనగ్రోవులు అన్నీ మానేశాడు. తీగలమీద కోత పెడుతున్నట్టు ఒకే తొందర. చివరి గీతలు పోగానే నగరం కనబడుతుంది. ఊరిపేరు, డిసెంబరు 11 శుక్రవారం, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని అక్షరాలు పడతాయి. కెమెరా ఒక కిటికీకి వేలాడుతున్న పట్టీల తెర కిందుగా దూరి హోటలు గదిలోకి వెళుతుంది. ఆ పట్టీలు కూడా అడ్డగీతలే. మధ్యాహ్నం భోజనం విరామంలో దొంగచాటుగా కలుసుకున్న ఇద్దరు మనుషులు. ఈసారి మారియన్ కాగితం తిప్పినా నాకు గుండె కొట్టుకుంది. కథ మారలేదు. నేను తప్పిపోయిన రెండు నిమిషాలు మాత్రమే చేరాయి.

ఇక్కడ చాలామంది విమర్శకులు గీతలను పగిలిన మనసుకు ప్రతీకగా చెప్పి ఊరుకుంటారు. అది తప్పు కాదు, కాని చాలదు. ఆ పేర్ల సంగీతం సినిమాలో మళ్లీ ఎప్పుడు వినిపిస్తుందో గమనించాలి. హత్య దగ్గర కాదు; స్నానాల గదికి హెర్మన్ వేరే సంగీతం రాశాడు. పేర్ల సంగీతం తిరిగి వచ్చేది మారియన్ డబ్బుతో కారు నడుపుకుంటూ పారిపోతున్నప్పుడు. వెనక ట్రాఫిక్ పోలీసు కారు, తర్వాత వాన, చీకటి, యజమాని ఏమనుకుంటున్నాడో ఆమె చెవిలో వినిపించే ఊహల మాటలు. అంటే, ప్రారంభంలో మనకు ఎక్కించిన భయం ఉన్మాది భయం కాదు. పదేళ్లుగా జీతానికి పనిచేస్తున్న ఒక ఆడమనిషి యజమాని సొమ్ము తాకినప్పటి భయం.

భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానక రసానికి విభావాలు చెబుతూ వికృతమైన ధ్వని, అడవి, పాడుబడ్డ ఇల్లు అంటాడు. ఇవి అందరికీ తెలిసినవే. అదే వరుసలో గురువుపట్ల, రాజుపట్ల చేసిన అపరాధాన్ని కూడా చేర్చాడు. తరగతిలో ఈ జాబితా చెప్పిన ప్రతిసారీ విద్యార్థులు నక్క కూతను, గుడ్లగూబను రాసుకుంటారు, రాజును వదిలేస్తారు. పాడుబడ్డ ఇల్లూ, అధికారపు కోపమూ ఒకే భయానికి కారణాలని చెప్పిన ఆ వాక్యాన్ని మనం తగినంతగా పట్టించుకోలేదు.

ఇంతకూ పేర్లకు ఈ శక్తి మొదటినుంచీ ఉన్నదా? లేదు. పేర్లు వేయడం మొదట ఒప్పందాల వ్యవహారం. ఎవరి పేరు ముందు, ఎవరిది పెద్ద అక్షరాల్లో అన్నది కాగితాల మీద తేలేది. చాలా థియేటర్లలో పేర్లు పడేటప్పుడు పరదా ఇంకా పూర్తిగా తొలిగేది కాదు. 1955లో సాల్ బాసే పేర్లు రూపొందించిన ఒక సినిమా రీళ్ల డబ్బాల మీద, పేర్లు మొదలవకముందే పరదా తీయవలసిందని ఆపరేటర్లకు రాసి పంపవలసి వచ్చింది. బజ్జీలవాడి లెక్క ఒక్క మనదే కాదన్నమాట.

అందుకే 1931 నాటి చిత్రాలు కొంత మొహమాటంగా కనిపిస్తాయి. యూనివర్సల్ సంస్థ ఆ ఏడు తీసిన 'డ్రాక్యులా'లో గబ్బిలం బొమ్మ మీద పేర్లు పడుతుంటే వెనక వినిపించేది చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' సంగీతం. అరువు తెచ్చుకున్న భయం. అదే ఏడు అదే సంస్థ నుంచి జేమ్స్ వేల్ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' ఇంకో తమాషా చేసింది. పేర్లకు ముందే పరదా వెనకనుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ఇది మిమ్మల్ని హడలగొట్టవచ్చు సుమా అని మర్యాదగా హెచ్చరించి వెళ్తాడు. ఆయన ఎడ్వర్డ్ వాన్ స్లోన్, సినిమాలో డాక్టరు వేషం వేసిన నటుడే. మన సూత్రధారుడికి దూరపు చుట్టం అనిపిస్తాడు. సినిమా ఇంకా నాటకశాల నీడనుంచి బయటికి రాలేదు. భయం అక్కడెక్కడో పరదేశపు కోటలో ఉన్నది, ఈ హాలులో మీరు క్షేమం అన్నదే ఆ హెచ్చరికలోని భరోసా కూడా.

ఆ వెనక గిరగిర తిరిగే కళ్ల బొమ్మల మీద నటుల పేర్లు పడతాయి. అందరికీ పేరుంది, రాక్షసుడి వేషధారికి లేదు. అక్కడ ఉన్నది ఒక ప్రశ్నార్థకం. వ్యాపారపు ఎత్తుగడే కావచ్చు, కాని వాతావరణం కల్పించడంలో ఆ ఒక్క గుర్తు తిరిగే కళ్లన్నిటికంటే గట్టిది. మనిషా, యంత్రమా, శవమా అన్న అనుమానం కథలోకి రాకముందే పట్టికలోకి వచ్చింది. ఆ ప్రశ్నార్థకం వెనక బోరిస్ కార్లాఫ్ అనే నటుడున్నాడు. గంటల తరబడి మేకప్ కుర్చీలో కూర్చుని, మోయలేని బూట్లు తొడుక్కుని చాకిరీ చేసినవాడు. అతని పేరు సినిమా చివర మాత్రమే పడింది. రెండేళ్లకు, 1933లో, హాలీవుడ్ నటులు తమ సంఘం పెట్టుకున్నప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో కార్లాఫ్ ఒకడు.

అదే పట్టికలో ఇంకొక పేరు కూడా గమనించాలి. మూలకథ రచయిత పేరు 'మిసెస్ పెర్సీ బి. షెల్లీ' అని వేశారు. 1818లో నవల మొదటి ముద్రణ రచయిత పేరు లేకుండా వచ్చింది. దానికి ముందుమాట రాసింది భర్త. నూటపదమూడేళ్ల తర్వాత కూడా మేరీ షెల్లీకి దక్కింది భర్త పేరే. భయం పుట్టించినవాళ్లిద్దరూ, నటుడూ రచయిత్రీ, ఆ పట్టికలో పేరు లేనివాళ్లే.

మధ్యకాలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక్క ముచ్చట చాలు. 1942లో వాల్ లూటన్ నిర్మించిన 'క్యాట్ పీపుల్' చాలా తక్కువ ఖర్చుతో తీసిన సినిమా. పులిని ఎక్కువగా చూపించకుండా నీడలు చూపించారు. పేర్ల వెంటనే ఒక శాస్త్రగ్రంథం నుంచి ఎత్తి రాసినట్టు ఒక వాక్యం పడుతుంది. అలాంటి గ్రంథం లేదు. రచయితగా వేసిన పేరు కథలోని ఒక డాక్టరుది. మన సోషల్ వ్యాసాల్లో పిల్లలు నెహ్రూగారు చెప్పినట్టు అని తమ వాక్యాన్నే కొటేషన్లో పెట్టడం నాకు గుర్తొస్తుంది.

అసలు మలుపు 1968లో వచ్చింది. పిట్స్‌బర్గ్ దగ్గర జార్జ్ రోమెరో మిత్రులతో కలిసి సుమారు లక్షా పద్నాలుగు వేల డాలర్లతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. పేర్లు పడే దృశ్యంలో ఏమీ జరగదు. నలుపు తెలుపుల్లో ఖాళీ పల్లె రోడ్డు. దూరం నుంచి ఒక కారు వంకలు తిరుగుతూ వస్తుంది. అన్నాచెల్లెళ్లు తండ్రి సమాధికి పూలగుత్తి పెట్టడానికి పోతున్నారు. శ్మశానం మొదట్లో అమెరికన్ జెండా ఎగురుతుంటుంది. కోట లేదు, గబ్బిలం లేదు, పరదేశం లేదు. 1931లో దూరంగా పెట్టి చూపిన భయం సొంత రోడ్డు మీదికి, సొంత జెండా కిందికి వచ్చింది. రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లవాడు బెన్ తెల్లవారి తుపాకీ దళం చేతిలో చస్తాడు. సినిమా చివర పేర్లు పడేటప్పుడు అతని శవాన్ని కొక్కేలతో ఈడ్చే ఫోటోలు వరసగా వస్తాయి, వార్తాపత్రికలో అచ్చయిన బొమ్మల్లా మసకగా. అదే ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. మొదటి పేర్లలోని ఖాళీ రోడ్డుకు అర్థం చివరి పేర్లలో తెలుస్తుంది.

ఈ సినిమా పేర్ల అట్టకు మరో చరిత్ర ఉంది. పంపిణీదారులు సినిమా పేరు మార్చి కొత్త అట్ట వేయించారు. కాపీరైటు ప్రకటన పాత అట్ట మీద ఉండిపోయింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క గీత లేకపోతే హక్కు లేదు. సినిమా విడుదలైననాడే ఎవరి సొత్తూ కాకుండా పోయింది. తీసినవాళ్లకు రావలసిన డబ్బు చాలావరకు రాలేదు. కాని ఎవరైనా ప్రింటు వేసి చూపించవచ్చు గనక దేశదేశాలకూ పాకింది. కథానాయకుడి శవానికే కాదు, సినిమాకు కూడా వారసుల్లేకుండా పోయారు.

1974లో టోబ్ హూపర్ తీసిన 'ది టెక్సాస్ చైన్ సా మాసకర్' వార్తను ఇంకా లోపలికి తెచ్చింది. మొదట అక్షరాలు పైకి పాకుతుంటే గంభీరమైన గొంతు ఇది జరిగిన విషాదమని చదువుతుంది. 1973 ఆగస్టు 18 అని తేదీ పడుతుంది. కథ కల్పితమే, దానికి కొంత ప్రేరణ విస్కాన్సిన్‌లో ఎన్నో ఏళ్ల కిందట జరిగిన నేరాలు, టెక్సాస్‌లో కాదు. చీకట్లో కెమెరా ఫ్లాషు వెలిగి ఆరుతుంటే కుళ్లిన చేతులు, దవడలు క్షణం కనబడి మాయమవుతాయి. తర్వాత సూర్యుడి మంటల ఎర్రటి బొమ్మల మీద పేర్లు. వెనక రేడియో వార్తలు, చమురు నిల్వలు తగలబడటం మొదలుకొని అన్నీ దుర్వార్తలే. వినేవాడికి సమాధులు తవ్విన వార్తకూ మిగతా వార్తలకూ తేడా తెలియదు. ఈ హంతక కుటుంబం కబేళా పనివాళ్లది. పశువులను చంపే కొత్త తుపాకీ యంత్రం వచ్చి మనుషులకు పని పోయిందని వాళ్లలో ఒకడు కథలో చెబుతాడు. దర్శకుడు ఆ సంగతిని లోతుగా విప్పలేదు. ఆ మాట పుట్టించిన ఆలోచనను రంపం చప్పుడు మింగేసింది. అయినా రేడియో పెట్టిన చోట మాత్రం అతని చేయి తడబడలేదు.

ఇక 1978 నాటి 'హాలోవీన్'లో నల్లని తెరమీద వెలిగే గుమ్మడికాయ ఒక్కటే. జాన్ కార్పెంటర్ సొంతంగా కట్టిన ఐదు మాత్రల పియానో వరుస. నాలుగుకు అలవాటుపడిన చెవికి ప్రతి ఆవృతంలోనూ ఒక మాత్ర ఎక్కువవుతుంది, అదే ఇబ్బంది. 1979 నాటి 'ఏలియన్'లో శూన్యం మీద ఒక్కో గీత పడుతూ చివరికి పేరు అవుతుంది. కూచిపూడి ప్రవేశ దరువులో సత్యభామ తెరవెనక నిలబడి ముందు జడ మాత్రం బయటికి వేస్తుంది. మిగతా రూపాన్ని ప్రేక్షకుడు ఊహించుకోవాలి. ఆ గీతలు చూసినప్పుడు నాకు ఆ జడే గుర్తొచ్చింది.

స్టాన్లీ క్యూబ్రిక్ 1980లో తీసిన 'ది షైనింగ్' దగ్గర కాస్త ఆగాలి. మోంటానా కొండల్లో తీసిన దృశ్యం. హెలికాప్టరు నుంచి కెమెరా సరస్సు మీదుగా, కొండదారి మీదుగా పోతుంటుంది. కింద ఒక చిన్న పసుపుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ కారు. పట్టపగలు, నిర్మలమైన ఆకాశం. పేర్లు లేత నీలం రంగులో కిందినుంచి పైకి పాకుతాయి, సినిమా అప్పుడే అయిపోయినట్టు. వెండీ కార్లోస్, రేచల్ ఎల్కిండ్ సింథసైజరు మీద వాయించినది క్రైస్తవుల మృత ప్రార్థనలో పాడే మధ్యయుగపు లాటిన్ గీతం వరుస. ఆ వరుస తెలియనివాడికి కూడా అది ఏడుపు అని తెలుస్తుంది. కెమెరా కారును తరుముతుంది, అందుకుంటుంది, దానిని పట్టించుకోకుండా లోయ మీదికి తేలిపోతుంది. ఎవరు చూస్తున్నట్టు? పక్షి కాదు, దయ్యం అని కూడా ఎవరూ చెప్పలేదు. కారులో ఉన్నవాడు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు పోతున్నాడు. మునుపు బడిపంతులు (ఈ సంగతి నాకు అంత రుచించలేదు). చలికాలం మూతపడే హోటలుకు కాపలా ఉద్యోగం. ఆ హోటలు ఆదిమవాసుల శ్మశానం మీద కట్టారని, కట్టేటప్పుడు వాళ్ల దాడులను తిప్పికొట్టవలసి వచ్చిందని మేనేజరు మర్యాదగా, మాటవరసకు చెప్పేస్తాడు. అంత అందమైన కొండలను చూస్తూ మనం ఎందుకు బెదిరామో అప్పుడు కొంత అర్థమవుతుంది. ఆ భూమిని పైనుంచి చూసుకుంటూ పోయే చూపు కొత్తది కాదు.

మన దగ్గరికి వస్తే, 1980లలో వారపత్రికల్లో క్షుద్ర నవలల వెల్లువ వచ్చినప్పుడు అభ్యుదయ విమర్శ గట్టిగానే ఎదుర్కొన్నది. మూఢనమ్మకాలను పెంచుతున్నాయన్న ఆరోపణ సరైనదే. కాని ఆ వ్యాసాల్లో నేను చదివినంతవరకు, 'తులసిదళం' మొదటి పేజీల్లో పాఠకుడి ఒళ్లు ఎలా జలదరించిందన్న ప్రశ్న ఎక్కడా కనిపించలేదు. చేతబడి ఉన్నదా లేదా అన్న చర్చతో ఆగిపోయాం. నమ్మనివాడు కూడా వణికాడు కదా, ఆ వణుకు వస్తువులోనుంచి రాలేదు కదా. ఏ మాట ముందు పెట్టారు, ఏది దాచారు, ఏ తేదీ, ఏ ఊరు, ఏ డాక్టరు పేరు వాడారు అని చూసి ఉంటే, ఆ భయాన్ని ఎవరు ఎందుకు తయారు చేస్తున్నారో పాఠకుడికి చూపించే అవకాశం ఉండేది. తిట్టిన పుస్తకాన్ని పాఠకుడు అటక మీంచి దించి మళ్లీ చదువుకున్నాడు.

ఇప్పుడు చాలా సినిమాల్లో పేర్లు చివరికి పోయాయి. ఇంట్లో చూసే సీరియళ్లకు పేర్ల భాగాన్ని దాటేసే మీట కూడా ఉంది. ఈ మధ్య మా తొమ్మిదో తరగతి పిల్లలకు 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' పేర్లూ, దాని తరువాయిగా 1935లో వచ్చిన 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' పేర్లూ పక్కపక్కన చూపించాను. రెండోదానిలో కార్లాఫ్ ఇంటిపేరు ఒక్కటే పెద్ద అక్షరాలతో అన్నిటికంటే ముందు పడుతుంది. మూలకథ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీది అని ఆమె సొంత పేరుతో ఉంది. ఎల్సా లాంచెస్టర్ అనే నటి అందులో రెండు వేషాలు వేసింది. కథ మొదట్లో కనిపించే మేరీ షెల్లీ వేషానికి ఆమె పేరు వేశారు. రాక్షసుడి వధువు వేషానికి ఎదురుగా మాత్రం మళ్లీ ప్రశ్నార్థకం పెట్టారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "సార్, ఇద్దరూ ఒకామే అయితే రెండోచోట పేరు ఎందుకు తీసేశారు?" అని అడిగింది. గంట కొట్టారు. మరుసటి పీరియడు లెక్కలది.